కారు రిమోట్ పలకకపోతే, ఇమ్మొబిలైజర్ బండిని కదలనివ్వకపోతే: ముందు ఏం చూడాలి, ఎక్కడ ఖర్చు పెట్టాలి

రిమోట్ నొక్కితే కారు పలకలేదంటే మన దగ్గర అందరూ ముందు చెప్పే మాట "సెల్లు మార్చండి, అదే సర్దుకుంటది" అని. చాలాసార్లు నిజంగానే సర్దుకుంటుంది. సర్దుకోనప్పుడే అసలు తిప్పలు. కావలి దాటాక హైవే పక్కన బండి ఆగిందంటే ఒకరు బ్యాటరీ అంటారు, ఇంకొకరు సెన్సర్ అంటారు, మూడో ఆయన బానెట్ ఎత్తకుండానే ఈసీఎం, అంటే ఇంజిన్ కంప్యూటర్, పోయిందని తేల్చేస్తాడు. ఆ కంగారులో అవసరం లేని సామాను కొని వేలకు వేలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. కాబట్టి ముందుగా ఒక్క విషయం మనసులో పెట్టుకోండి: మీ చేతిలోని తాళంలో రెండు వేర్వేరు పరికరాలున్నాయి. వాటిలో ఏది చెడిందో తేలాకే జేబులో చెయ్యి పెట్టండి.

తాళం లోపలి రెండు పరికరాలు

మొదటిది రిమోట్. తలుపులు లాక్ చేయడం, తెరవడం, డిక్కీ తీయడం దీని పని. ఇది రేడియో సిగ్నల్ పంపుతుంది, మన దేశంలో తిరిగే కార్లలో ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్ దగ్గర. దీనికి సెల్లు తప్పనిసరి.

రెండోది ఇమ్మొబిలైజర్ చిప్. మెకానిక్‌లు ట్రాన్స్‌పాండర్ అంటారు, లేదా ఉత్త చిప్ అనేస్తారు. దీనికి సెల్లు అక్కర్లేదు. తాళం పెట్టే చోట, ఇగ్నిషన్ చుట్టూ ఒక రాగి తీగ చుట్ట ఉంటుంది. తాళం తిప్పగానే ఆ చుట్ట సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ దగ్గర అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది. ఆ శక్తితోనే చిప్ మేలుకొని తన కోడ్ చెబుతుంది. కోడ్ కుదిరితే ఇంజిన్ కంప్యూటర్ ఇంధనం వదులుతుంది, కుదరకపోతే వదలదు.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. రిమోట్ సెల్లు పూర్తిగా అయిపోయినా, తాళం పెట్టి తిప్పే కారు మామూలుగానే స్టార్ట్ అవుతుంది. అలాగే బటన్ నొక్కితే తలుపులు టక్కున తెరుచుకున్నా ఇంజిన్ మాత్రం స్టార్ట్ కాకపోవచ్చు. మొదటి రకం తంటాకు వంద రూపాయల లోపు సెల్లు చాలు. రెండో రకానికి సెల్లు ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు.

పుష్ బటన్ కార్లలో పద్ధతి కొంచెం వేరు. కారు దగ్గరికి వెళ్లినప్పుడు కారే తాళాన్ని పిలుస్తుంది, జేబులోని తాళం జవాబిస్తుంది. ఆ జవాబుకు సెల్లు కావాలి. సెల్లు అయిపోతే తాళం దొరకలేదని మీటర్‌లో చూపిస్తుంది. అయినా సెల్లుతో పనిలేని చిప్ ఆ తాళంలోనూ ఉంటుంది. రాత్రిపూట అదే మనల్ని ఇంటికి చేరుస్తుంది. ఎలాగో కింద చెబుతాను.

స్టెప్ 1: రెండో తాళం తెచ్చి చూడండి

కారు కొన్నప్పుడు రెండు తాళాలు ఇస్తారు. రెండోది చాలా ఇళ్లలో బీరువాలో పట్టుచీరల కింద ఏళ్ల తరబడి పడుంటుంది. దాన్ని బయటకు తీయండి. మెకానిక్‌ను పిలిచే ముందు చేయాల్సిన పని ఇదే, పైగా పైసా ఖర్చు లేదు.

రెండో తాళంతో అంతా సవ్యంగా ఉంటే తప్పు మొదటి తాళంలో ఉంది. కారు వైరింగ్ జోలికి ఎవరినీ వెళ్లనివ్వకండి. రెండు తాళాలతోనూ స్టార్ట్ కాకపోతే తప్పు కారులోనే ఉండి ఉంటుంది: పెద్ద బ్యాటరీ, ఫ్యూజు, ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగ చుట్ట, లేదా దాని వైరింగ్. స్టార్ట్ అయ్యి, రెండు రిమోట్‌లూ పనిచేయకపోతే సిగ్నల్ అందుకునే రిసీవర్ మీదో, చుట్టుపక్కల సిగ్నల్ అడ్డు మీదో అనుమానపడాలి. అయితే ఏళ్లుగా వాడని తాళంలో సెల్లు ఎండిపోయి ఉండొచ్చు, దాని రిమోట్‌ను పరీక్షించే ముందు కొత్త సెల్లు వేయండి.

తాళం పెట్టి చూసేటప్పుడు ఆ రింగులోంచి మిగతావన్నీ తీసేయండి. ఒకే గుత్తిలో ఇంకో కారు చిప్ తాళం ఉంటే రెండు చిప్‌లూ ఒకేసారి జవాబిస్తాయి, కారు దేన్నీ గుర్తుపట్టకపోవచ్చు. రెండు కార్లున్న ఇళ్లలో ఇది తరచూ జరిగేదే, ఎవరికీ తట్టదు.

స్టెప్ 2: మీటర్‌లో లైటు ఏం చెబుతోంది?

ఇగ్నిషన్ ఆన్ చేసి, సెల్ఫు కొట్టకుండా, మీటర్ బోర్డు చూడండి. తాళం బొమ్మో, కారు మీద తాళం ఉన్న బొమ్మో కనిపిస్తుంది. చాలా కార్లలో అది కొద్ది సెకన్లు వెలిగి ఆరిపోతే కారు చిప్‌ను గుర్తుపట్టినట్టు. టిప్ టిప్ మని కొట్టుకుంటున్నా, ఆరకుండా వెలుగుతున్నా గుర్తుపట్టలేదని అర్థం. మీ కారు పద్ధతేమిటో గ్లవ్ బాక్సులోని ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. బండి బాగున్న రోజే ఒకసారి ఆ లైటు తీరు చూసి పెట్టుకుంటే, పాడైన రోజు తేడా ఇట్టే తెలుస్తుంది. కారు లాక్ చేసి ఉన్నప్పుడు లోపల ఎర్ర లైటు మెరుస్తుంటే మాత్రం కంగారు పడకండి. అది కాపలా ఉన్నానని చెప్పే లైటు.

ఇప్పుడు సెల్ఫు కొట్టండి. ఇక్కడ చెవి పెట్టి వినాలి. ఇంజిన్ అంటుకుని ఒకటి రెండు సెకన్లలో టక్కున ఆగిపోతుంటే, దాంతోపాటు తాళం బొమ్మ మెరుస్తుంటే, ఇమ్మొబిలైజరే ఆపుతోందని గట్టిగా చెప్పొచ్చు. సెల్ఫు బాగా తిరుగుతూ ఇంజిన్ అసలు అంటుకోకపోయినా అనుమానం అటే, కాకపోతే బొమ్మ మెరవకపోతే ఇంధనం పంపు లాంటివి కూడా చూడాలి. టకటకమని చప్పుడొచ్చి లైట్లు మసకబారుతుంటే అది పెద్ద బ్యాటరీ సమస్య, చిప్‌కు సంబంధం లేదు.

అసలు చప్పుడే లేకపోతే ముందు చిన్న చిన్నవి చూడండి. కొత్త బళ్లలో క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫు తిరుగుతుంది. ఆటోమేటిక్‌లో గేరు పార్కింగులోనో న్యూట్రల్‌లోనో ఉండాలి, పుష్ బటన్ అయితే బ్రేకూ తొక్కాలి. తాళం పెట్టినా తిరగకపోతే అది స్టీరింగ్ లాక్: స్టీరింగ్‌ను అటూ ఇటూ కదుపుతూ తాళం తిప్పితే వదులుతుంది. బలం ఉపయోగిస్తే తాళం లోపలే విరుగుతుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఉలుకూ పలుకూ లేకపోతే అప్పుడు ఇమ్మొబిలైజర్ మాట ఎత్తాలి, ఎందుకంటే కొన్ని మోడళ్లలో అది సెల్ఫును కూడా ఆపేస్తుంది.

స్టెప్ 3: పెద్ద బ్యాటరీ

నెల్లూరు, ఒంగోలు ఎండలకు కారు బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. బ్యాటరీ నీరసపడితే ఇమ్మొబిలైజర్ కూడా పిచ్చి పిచ్చిగా ప్రవర్తిస్తుంది, కాబట్టి దీన్ని తేల్చకుండా ముందుకు వెళ్లకూడదు. మల్టీమీటర్ పెడితే, బండి రాత్రంతా ఆగి ఉన్న తర్వాత 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12 కంటే కిందికి పడితే ఛార్జింగ్ బాగా అయిపోయినట్టే. సెల్ఫు కొడుతున్నప్పుడు 9.6 కంటే దిగితే బ్యాటరీని లోడ్ టెస్టు చేయించండి. టెర్మినళ్ల మీద తెల్లటి పూత ఉంటే శుభ్రం చేసి బిగించి మళ్లీ చూడండి.

స్టెప్ 4: రిమోట్ సెల్లు

ఎక్కువ రిమోట్‌లలో సీఆర్ 2032 ఉంటుంది, కొన్నింటిలో సీఆర్ 2025, సీఆర్ 1620 లాంటివి. అంకెల్లోనే కొలతలున్నాయి: 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. షాపులో 2032 లేదని 2025 ఇస్తే తీసుకోవద్దు. వెడల్పు ఒకటే కాబట్టి పట్టినట్టే కనిపిస్తుంది, కానీ మందం తక్కువవడంతో స్ప్రింగు సరిగా ఆనదు. గుంతలో బండి ఎగిరినప్పుడల్లా రిమోట్ పనిచేయడం మానేస్తుంది.

తాళం పక్కన ఉన్న చిన్న గాడిలో సన్న స్క్రూడ్రైవర్‌ను గుడ్డ చుట్టి దూర్చి మెల్లగా తిప్పితే డొప్ప విడిపోతుంది. పాత సెల్లు ఎటువైపు ఉందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కొత్తదాన్ని అంచులతో పట్టుకోండి, వేళ్ల చెమట ముఖం మీద అంటకూడదు. పిల్లలు మింగకుండా చేదు పూత వేసిన సెల్లులు వస్తున్నాయి. వాటితో కొన్ని రిమోట్‌లు పలకవు, ఆ పూత ఉన్న వైపు స్పిరిట్‌తో తుడిస్తే పలుకుతాయి.

పాత సెల్లు మంచిదో కాదో మీటర్‌తో చూసేవాళ్లకు ఒక మాట. కొత్తది 3 వోల్టులు, కొంచెం పైన చూపిస్తుంది. అయిపోవచ్చిన సెల్లు కూడా ఖాళీగా కొలిస్తే 2.9 చూపించి మోసం చేస్తుంది. బటన్ నొక్కుతూ కొలిచినప్పుడు బాగా పడిపోతే అది పనికిరాదు. టీవీ రిమోట్‌లా ఫోన్ కెమెరా ముందు పెట్టి వెలుగు కోసం చూడడం ఇక్కడ కుదరదు. ఇది రేడియో సిగ్నల్, కెమెరాకు కనిపించదు.

పాత సెల్లును టేబుల్ మీద వదలకండి. పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. అలాంటి అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని పెద్ద ఆస్పత్రికి పరుగెత్తండి. రెండు వైపులా టేపు చుట్టి పారేస్తే ఆ భయం కొంత తగ్గుతుంది.

స్టెప్ 5: సెల్లు మార్చినా పలకకపోతే

నొక్కిన ప్రతిసారీ రిమోట్ కొత్త కోడ్ పంపుతుంది, కారు కూడా లెక్క పెట్టుకుంటూ ఉంటుంది. దొంగ ఒకసారి సిగ్నల్ పట్టుకున్నా మళ్లీ పనికిరాకుండా చేసిన ఏర్పాటు ఇది. పిల్లలు ఇంట్లో కూర్చుని వందలసార్లు నొక్కితే రిమోట్ లెక్క ముందుకు పోయి, కారు దాన్ని గుర్తుపట్టడం మానేయొచ్చు. చాలా మోడళ్లలో తాళంతో ఇగ్నిషన్ ఆన్ చేసి లాక్ బటన్ నొక్కి పట్టుకోవడం లాంటి చిన్న పద్ధతితో మళ్లీ కలుస్తాయి. ఒక్కో కంపెనీది ఒక్కో వరస, మాన్యువల్ చూసే చేయండి. యూట్యూబ్‌లో ఇంకో మోడల్‌ది చూసి చేస్తే ఉన్న తాళం నమోదు కూడా చెరిగిపోవచ్చు.

ఇంటి దగ్గర పనిచేసి ఒక్క చోట మాత్రం పనిచేయకపోతే తప్పు రిమోట్‌ది కాదు. ఆ చుట్టుపక్కల అదే ఫ్రీక్వెన్సీలో ఏదో సిగ్నల్ కొడుతోంది. కారును పది అడుగులు జరిపి చూడండి. కారులోనే చౌకరకం ఫోన్ ఛార్జర్, డాష్ కెమెరా ఉంటే పీకేసి చూడండి. పుష్ బటన్ తాళాన్ని వైర్‌లెస్ ఛార్జింగ్ ప్యాడ్ పక్కన పెట్టినా కారు దాన్ని గుర్తించకపోవచ్చు.

ఒక బటన్ పనిచేసి ఇంకోటి పనిచేయకపోతే లోపలి మైక్రోస్విచ్ అరిగింది, లేదా దాని సోల్డరింగ్ ఊడింది. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ములో తిరిగేవాళ్ల తాళాల్లో రబ్బరు కింద సన్నటి పొడి పేరుకుని బటన్ ఇరుక్కుపోతుంది. ఈ పనికి షోరూమ్ దాకా పోనక్కర్లేదు. నెల్లూరు ట్రంకు రోడ్డులోనో ఒంగోలులోనో సెల్‌ఫోన్ బోర్డులు బాగుచేసే నేర్పున్న కుర్రాడు ఆ స్విచ్ మార్చగలడు. మీరు ఎదురుగా కూర్చుని చేయించుకోండి.

ఎందుకంటే ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. డొప్ప పగిలిందని కొత్తది వేయించుకుంటారు. పాత డొప్ప మూలలో, తాళం మొదలు దగ్గర, మిరియం గింజ కన్నా కాస్త పెద్దదిగా నల్లటి ముక్క ఒకటి జిగురుతో అతుక్కుని ఉంటుంది. కొన్నింటిలో అది సన్న గాజు గొట్టంలా ఉంటుంది. బోర్డుకు దానికీ వైరు ఉండదు కాబట్టి అదేదో ప్లాస్టిక్ ముక్క అనుకుంటారు. పాత డొప్పతో పాటు అది చెత్తబుట్టలోకి పోతుంది. అదే మీ ఇమ్మొబిలైజర్ చిప్. తలుపులు తెరుచుకుంటాయి, కారు స్టార్ట్ కాదు, తప్పు ఎక్కడుందో ఎవరికీ అర్థం కాదు. కొన్ని తాళాల్లో చిప్ బోర్డు మీదే ఉంటుంది, వాటితో ఈ భయం లేదు. ఏదైనా సరే, పాత డొప్పను పారేయకుండా ఇంటికి తెచ్చుకోండి. కొత్త డొప్ప బిగించాక అక్కడే కారు స్టార్ట్ చేసి చూశాకే డబ్బులివ్వండి.

తాళం సముద్రంలో తడిస్తే

మైపాడులోనో కొత్తపట్నంలోనో తాళం నిక్కరు జేబులో ఉండగానే అలల్లోకి దిగేస్తారు. రొయ్యల గుంటల గట్ల మీద పనిచేసేవాళ్లకు కూడా ఈ తిప్పలు తప్పవు. మంచినీళ్లలో తడవడం వేరు, ఉప్పునీళ్లలో తడవడం వేరు. ఉప్పునీటి గుండా సెల్లు కరెంటు పారుతూ ఉంటే బోర్డు మీది సన్న రాగి గీతలు తినేస్తుంది. రెండు రోజుల తర్వాత విప్పి చూస్తే సెల్లు కింద స్ప్రింగు చుట్టూ పచ్చటి పొక్కు కట్టి ఉంటుంది. కాబట్టి ఆలస్యం చేయకూడదు.

పనిచేస్తుందో లేదో చూద్దామని బటన్లు నొక్కవద్దు. ఇసుకలో కూర్చుని అక్కడికక్కడే డొప్ప తెరిచి సెల్లు తీసేయండి. తర్వాత చేయాల్సిన పని చాలామందికి మనసొప్పదు, అయినా చేయండి: బోర్డును మంచినీళ్లతో బాగా కడగండి. బాటిల్ నీళ్లు చాలు, డిస్టిల్డ్ వాటర్ దొరికితే ఇంకా మంచిది. నీరు ఆరిపోతుంది, ఉప్పు మాత్రం అక్కడే ఉండి తింటుంది. అందుకే ఉప్పు పోయేదాకా కడగాలి. ఇంటికొచ్చాక సెల్‌ఫోన్ షాపులవాళ్లు ఐపీఏ అని పిలిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ పెట్టి తుడిచి, ఫ్యాను కింద ఒక రోజంతా ఆరనివ్వండి. ఎర్రటెండలో బానెట్ మీద పెట్టొద్దు, డొప్ప వంగిపోతుంది. బియ్యంలో పెట్టి ఊరుకుంటే ఉప్పు పోదు. ఆరాక కొత్త సెల్లు వేయండి.

ఈలోగా ఇంటికి ఎలా? చిప్ గాజులోనో ఎపాక్సీలోనో మూసేసి ఉంటుంది కాబట్టి రిమోట్ చచ్చినా అది బతికే ఉండే అవకాశం ఎక్కువ. తాళంతో తలుపు తీసి, తిప్పి స్టార్ట్ చేయండి.

చీకట్లో, ఊరికి దూరంగా ఇరుక్కుంటే

పుష్ బటన్ కారు తాళం పక్కన చిన్న మీట ఉంటుంది. అది జరిపితే లోపలి నుంచి మామూలు తాళం బయటకు వస్తుంది. డ్రైవర్ తలుపు హ్యాండిల్‌లో దానికి బెజ్జం ఉంటుంది, కొన్ని మోడళ్లలో ప్లాస్టిక్ మూత కింద దాగి ఉంటుంది. అలా తెరిస్తే చాలా కార్లలో అలారం మోగుతుంది. అరుపులకు బెదిరి బ్యాటరీ వైరు పీకే పని పెట్టుకోవద్దు, బండి మీ తాళాన్ని గుర్తుపట్టగానే అలారం ఆగిపోతుంది. లోపల కూర్చుని తాళాన్నే స్టార్ట్ బటన్‌కు ఆనించి, బ్రేకో క్లచ్చో తొక్కి, ఆ తాళంతోనే బటన్ నొక్కండి. కొన్ని కార్లలో తాళం ఆనించే చోటు స్టీరింగ్ కిందో కప్పు హోల్డర్ దగ్గరో ఉంటుంది. ఆ చోటేదో ఈ రోజే మాన్యువల్‌లో చూసి పెట్టుకోండి.

అయినా కదలకపోతే, జాతీయ రహదారి మీద ఉంటే 1033కి ఫోన్ చేసి టోల్‌గేట్ పేరు చెప్పండి. టంగుటూరు దాటి ఎంత దూరం వచ్చారో చెబితే వాళ్లకు సులువు. ఇన్సూరెన్స్ లేదా కంపెనీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ నంబరు కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి, ఫోన్ ఛార్జింగ్ అయిపోయినప్పుడు పక్కవాళ్ల ఫోన్ నుంచి చేయొచ్చు.

తప్పు కారులోనే అని తేలితే

ఇక్కడ సొంత వైద్యం ఆపేయాలి. స్కానర్ ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరో సర్వీస్ సెంటర్‌లోనో తప్పెక్కడుందో చెప్పే ఫాల్ట్ కోడ్‌లు తీయించండి, తెర మీద కనిపించినదాన్ని ఫొటో తీసుకోండి. ఇంజిన్ కంప్యూటర్ పోయిందని ఎవరన్నా, ఏ కోడ్ ఆ మాట చెబుతోందో అడగండి. తీగ చుట్టకు వెళ్లే కనెక్టర్ ఊడటం, వరి కోతల రోజుల్లో కారులోకి దూరిన ఎలుకలు వైరు కొరకడం, కొత్త మ్యూజిక్ సిస్టమ్ పెట్టేటప్పుడు వైర్లు తెంపి అతికించడం, ఇవన్నీ కంప్యూటర్ కంటే ముందు చూడాల్సినవి. కొత్త కంప్యూటర్ అంటే పెద్ద ఖర్చు, పైగా దానికి తాళాలను మళ్లీ నమోదు చేయించాలి.

ఇమ్మొబిలైజర్‌ను బైపాస్ చేసేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. కారుకున్న కాపలాను మన చేత్తోనే తీసేసినట్టవుతుంది, రేపు దొంగతనం క్లెయిమ్‌లో ఇబ్బంది వస్తుంది.

కొత్త తాళం చేయించేటప్పుడు

ఒక్క తాళమైనా పనిచేస్తుంటే రెండోది చేయించడం తేలిక. రెండూ పోతే ఖర్చూ, రోజులూ బాగా పెరుగుతాయి. అందుకే ఒకటి పోతే ఆ వారంలోనే ఇంకోటి చేయించండి. ఆర్‌సీ, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు తీసుకెళ్లండి. కారు కొన్నప్పుడు తాళాలతో పాటు చిన్న రేకు మీదో కార్డు మీదో ఒక నంబరు ఇచ్చి ఉంటారు, అది ఉంటే తాళం కోయడం సులువు. దాన్ని కారులో మాత్రం ఉంచొద్దు.

తాళం పోయిన సంగతి పోలీసు స్టేషన్‌లో రాసిచ్చి రసీదు తీసుకోండి. ఇన్సూరెన్స్‌లో కీ రీప్లేస్‌మెంట్ కవర్ ఉంటే సాధారణంగా అది అడుగుతారు. కారే పోయినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు రెండు ఒరిజినల్ తాళాలూ చూపించమంటారు, కాబట్టి పాడైన తాళాన్ని కూడా పారేయకుండా దాచండి.

రోడ్డు పక్క తాళాలవాళ్లలో మంచి పనిమంతులున్నారు, షోరూమ్ కన్నా తక్కువే తీసుకుంటారు. కానీ తాళం, ఆర్‌సీ, కారు మూడూ అప్పగించి టీకి వెళ్లిపోకండి. పని అయ్యేదాకా పక్కనే ఉండండి.

పోయిన తాళం నమోదును కారులోంచి తీసేయమని సర్వీస్ సెంటర్‌లో విడిగా అడగాలి, అడగకపోతే చాలామంది చేయరు. పాత కారు కొన్నవాళ్లు ఈ పని తప్పకుండా చేయించుకోవాలి. ఇప్పటికి ఎన్ని తాళాలు నమోదయ్యాయో స్కానర్‌లో చూపించమనండి. మీ చేతిలో ఉన్నవి రెండు, లోపల ఉన్నవి మూడు అయితే ఆ మూడోది ఎవరి దగ్గరుందో మీకు తెలియదు. అన్నీ చెరిపించి మీ రెండింటినీ మళ్లీ ఎక్కించుకోండి. తర్వాత అక్కడే రెండు తాళాలతోనూ ఒక్కోసారి తలుపులు తీసి, బండి స్టార్ట్ చేసి, బిల్లు మీద నమోదైన తాళాల సంఖ్య రాయించుకుని బయటకు రండి.